స్కేట్‌బోర్డింగ్ విన్యాసాలు, వాటి పరిభాష

స్కేట్‌బోర్డింగ్ విన్యాసం అంటే, నాలుగు చక్రాల బల్లపై నిలబడిన ఆటగాడు తన శరీరాన్ని గానీ, బల్లను గానీ, రెండింటినీ కలిపి గానీ ఒక నిర్దిష్ట పద్ధతిలో ఎగరేసి, తిప్పి, జార్చి లేదా నిలిపి, మళ్లీ బల్లపై నిలదొక్కుకుని ముందుకు సాగే చర్య. ఆటగాళ్లు దీన్ని ‘ట్రిక్’ అంటారు. నేల మీద వేసే చిన్న గెంతు మొదలుకొని, ర్యాంప్ అంచు దాటి గాల్లోకి లేచి రెండున్నర చుట్లు తిరగడం వరకు అన్నీ ఈ మాట పరిధిలోకి వస్తాయి.

ఈ విన్యాసాల పేర్లను ఏ సంస్థా సమావేశమై నిర్ణయించలేదు. ఆటగాళ్ల నోట పుట్టి, పత్రికల్లో అచ్చయి, వీడియోల ద్వారా పాకి, పోటీల వ్యాఖ్యానంలో స్థిరపడ్డాయి. అయినా వాటిలో స్పష్టమైన క్రమం ఉంది. నిలబడే తీరు, దిశ, తిరిగిన కోణం, మూల విన్యాసం, అది జరిగే చోటు అనే ఐదు అంశాల కలయికతో ఎక్కువ పేర్లు ఏర్పడతాయి. ఈ అంశాలు తెలిసినవారు ఎన్నడూ చూడని విన్యాసాన్ని కూడా పేరు విని ఊహించగలరు.

## బల్ల, దాని భాగాలు

విన్యాసాల పేర్లలో చాలావరకు బల్ల భాగాలతో ముడిపడి ఉంటాయి కాబట్టి ముందుగా వాటిని తెలుసుకోవాలి.

డెక్: ఆటగాడు నిలబడే చెక్క. సాధారణంగా ఏడు పొరల మేపుల్ చెక్కను జిగురుతో అతికించి, అచ్చులో నొక్కి తయారుచేస్తారు. వీధి ఆటకు వాడే డెక్‌లు ఎక్కువగా 7.75 నుంచి 8.5 అంగుళాల వెడల్పుతో ఉంటాయి. ముందు కొసను నోజ్ అనీ, వెనుక కొసను టెయిల్ అనీ అంటారు. రెండూ పైకి వంగి ఉంటాయి. డెక్ మధ్యభాగం పక్కల నుంచి కాస్త పల్లంగా ఉంటుంది. ఆ వంపును కాంకేవ్ అంటారు.

గ్రిప్ టేప్: డెక్ పైభాగాన అంటించే గరుకు కాగితం. బూటు జారకుండా పట్టి ఉంచేది, విన్యాసాల్లో బల్లను పైకి లాగేందుకు వీలిచ్చేది ఇదే.

ట్రక్: డెక్ అడుగున ముందొకటి, వెనుకొకటి బిగించే లోహపు ఇరుసు అమరిక. ఇరుసును మోసే భాగం హ్యాంగర్. దాన్ని పట్టి ఉంచే పెద్ద మర కింగ్‌పిన్. మలుపు తిరగడానికి వీలిచ్చే మెత్తని వలయాలు బుషింగ్‌లు.

చక్రాలు, బేరింగులు: చక్రాలు పాలీయురేథేన్‌తో చేసినవి. వీధి ఆటకు సుమారు 50–54 మిల్లీమీటర్ల వ్యాసం గల గట్టి చక్రాలు వాడతారు. బేరింగులు 608 అనే ప్రామాణిక కొలతలో ఉంటాయి: లోపలి వ్యాసం 8, బయటి వ్యాసం 22, వెడల్పు 7 మిల్లీమీటర్లు.

## చరిత్ర

### సర్ఫింగ్ నుంచి నేలకు

1950లలో అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన, అలలు లేని రోజుల్లో సర్ఫింగ్ చేసేవారు రోలర్ స్కేట్ల చక్రాలను చెక్కకు బిగించి రోడ్ల మీద జారేవారు. అందుకే తొలినాటి విన్యాసాలు సర్ఫింగ్ కదలికలకు దగ్గరగా ఉన్నాయి. ఒంగి మలుపు తీసుకోవడం, కదులుతున్న బల్లపై ముందు కొసకు నడిచి వెళ్లడం, తలకిందులుగా చేతులపై నిలవడం అప్పటి ముఖ్య ప్రదర్శనలు. 1960ల మధ్యలో ఈ ఆట ఒక్కసారిగా వ్యాపించినా, మట్టి మిశ్రమంతో చేసిన చక్రాలు రోడ్డును సరిగా పట్టకపోవడం వల్ల ప్రమాదాలు పెరిగాయి. చాలా పట్టణాలు నిషేధాలు విధించాయి. దాంతో ఆట వెనుకబడింది.

1960ల చివర లారీ స్టీవెన్సన్ వెనుక కొస పైకి వంగిన కిక్‌టెయిల్ బల్లను రూపొందించాడు. కాలితో వెనుక కొసను అదిమి ముందు భాగాన్ని లేపడం దీనితో సులువైంది. తర్వాత వచ్చిన దాదాపు అన్ని ఎగిరే విన్యాసాలకూ ఆధారం ఈ వంపే.

### యురేథేన్ చక్రాలు, ఎండిన ఈతకొలనులు

1970ల తొలి ఏళ్లలో ఫ్రాంక్ నాస్‌వర్తీ యురేథేన్ చక్రాలను ‘క్యాడిలాక్ వీల్స్’ పేరుతో స్కేట్‌బోర్డుల కోసం మార్కెట్లోకి తెచ్చాడు. ఈ చక్రాలు నేలను గట్టిగా పట్టి, చిన్న రాళ్ల మీద కూడా నిలకడగా సాగాయి. 1975లో డెల్ మార్ పోటీల్లో జెఫైర్ జట్టు సర్ఫింగ్ ఛాయలున్న, నేలకు ఒంగి సాగే శైలిని ప్రదర్శించింది. టోనీ ఆల్వా, జే ఆడమ్స్, స్టేసీ పెరాల్టా, పెగ్గీ ఓకీ అందులో సభ్యులు.

1976–77 నాటి కరువు వల్ల కాలిఫోర్నియాలో ఎన్నో ఇళ్ల ఈతకొలనులు ఎండిపోయాయి. వాటి గుండ్రని గోడలు ఆటగాళ్లకు కొత్త ఆటస్థలాలయ్యాయి. గోడ అంచు దాటి గాల్లోకి లేచి మళ్లీ లోపలికి దిగే ‘ఏరియల్’ విన్యాసాలు ఇక్కడే రూపుదిద్దుకున్నాయి. నేటి బౌల్, పార్క్ విభాగాలకు మూలం ఈ కొలనులే.

### ఓలీ

1970ల చివర ఫ్లోరిడాకు చెందిన అలన్ గెల్‌ఫాండ్ చేతులతో బల్లను పట్టుకోకుండానే కొలను గోడ మీది నుంచి గాల్లోకి లేవడం సాధించాడు. అతని ముద్దుపేరు ఓలీ కావడంతో ఆ విన్యాసానికి అదే పేరు స్థిరపడింది. 1980ల తొలి ఏళ్లలో రోడ్నీ ముల్లెన్ ఇదే సూత్రాన్ని చదునైన నేలకు అన్వయించాడు. టెయిల్‌ను నేలకు కొట్టి, ముందు కాలితో బల్లను సమతలానికి తేవడం అతని పద్ధతి. దీని ఆధారంగా కిక్‌ఫ్లిప్, హీల్‌ఫ్లిప్, ఇంపాజిబుల్, 360 ఫ్లిప్ వంటి విన్యాసాలను అతడు వరుసగా రూపొందించాడు. కిక్‌ఫ్లిప్‌ను మొదట ‘మ్యాజిక్ ఫ్లిప్’ అన్నారు. ఓలీ లేకుండా, కాలితో బల్లను తిరగవేసే పాత విన్యాసానికి అప్పటికే కిక్‌ఫ్లిప్ అనే పేరుండేది. కాలక్రమంలో ఆ పేరు కొత్తదానికే నిలిచిపోయింది.

### వెర్ట్, వీధి

1980లలో నిటారు గోడలతో ముగిసే చెక్క హాఫ్ పైపుల మీద ‘వెర్ట్’ శైలి ముందు వరుసలో నిలిచింది. స్టీవ్ కాబయెరో, టోనీ హాక్, క్రిస్టియన్ హోసోయ్, మైక్ మెక్‌గిల్ ఈ దశకు ప్రతినిధులు. అదే దశాబ్దం రెండో సగంలో మార్క్ గోంజాలెస్, నటాస్ కౌపస్ వంటివారు ఓలీని మెట్లు, గట్లు, చేతి రెయిలింగుల మీదికి తీసుకెళ్లారు. దాంతో వీధి శైలి స్వతంత్ర విభాగంగా నిలదొక్కుకుంది. 1990ల నాటికి ముల్లెన్ ఫ్లిప్‌లు, వీధి గ్రైండ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి, నేడు మనం వినే పొడవైన పేర్లు పుట్టాయి.

## మౌలిక పరిభాష

### నిలబడే తీరు

ఎడమ కాలు ముందుంచి నిలబడేవారిని రెగ్యులర్ అనీ, కుడి కాలు ముందుంచేవారిని గూఫీ అనీ అంటారు. ఇది ఆటగాడి సహజమైన అలవాటు. రెండింటిలో ఏదీ మరోదానికన్నా మేలైనది కాదు. ప్రతి ఆటగాడికీ నాలుగు స్థితులు సాధ్యం:

- సహజ స్థితి: అలవాటైన కాలు ముందుంచి, వెనుక కాలితో టెయిల్‌ను కొట్టడం. పేరులో దీన్ని ప్రత్యేకంగా చెప్పరు.
- ఫేకీ: పాదాలు సహజ స్థితిలోనే ఉంటాయి, బల్ల మాత్రం వెనక్కి దొర్లుతుంది. కొట్టేది టెయిల్‌నే.
- నోలీ: ముందుకు దొర్లుతూ, ముందు కాలితో నోజ్‌ను కొట్టడం.
- స్విచ్: అలవాటుకు పూర్తిగా వ్యతిరేకమైన కాలు ముందుంచడం. రెగ్యులర్ ఆటగాడు గూఫీగా నిలబడి చేసే విన్యాసం ఇది.

ఒకే కిక్‌ఫ్లిప్‌ను ఈ నాలుగు స్థితుల్లో చేస్తే నాలుగు వేర్వేరు విన్యాసాలుగా లెక్కిస్తారు. వీటిలో స్విచ్‌ను సాధారణంగా కష్టమైనదిగా భావిస్తారు. బల్లను కాలితో తోస్తూ వేగం పెంచుకునేటప్పుడు వెనుక కాలికి బదులు ముందు కాలితో తోసే అలవాటును ‘మాంగో’ అంటారు.

### దిశ: ఫ్రంట్‌సైడ్, బ్యాక్‌సైడ్

ఈ రెండు మాటలూ సర్ఫింగ్ నుంచి వచ్చాయి. అలకు ఛాతీ చూపిస్తే ఫ్రంట్‌సైడ్, వీపు చూపిస్తే బ్యాక్‌సైడ్. స్కేట్‌బోర్డింగ్‌లో వీటిని రెండు సందర్భాల్లో వాడతారు.

తిరిగే విన్యాసాల్లో, ప్రయాణ దిశకు మొదట ఛాతీ తిరిగితే ఫ్రంట్‌సైడ్, వీపు తిరిగితే బ్యాక్‌సైడ్. రెగ్యులర్ ఆటగాడు ఎడమకు తిరిగితే ఫ్రంట్‌సైడ్, కుడికి తిరిగితే బ్యాక్‌సైడ్. గూఫీ ఆటగాడికి ఇది తారుమారవుతుంది.

గట్లు, రెయిలింగుల మీది విన్యాసాల్లో మాత్రం దిశను నిర్ణయించేది సమీపించే తీరు. రెయిలింగ్ ఛాతీ వైపు ఉండగా సమీపిస్తే ఫ్రంట్‌సైడ్, వీపు వైపు ఉంటే బ్యాక్‌సైడ్. అందువల్ల ఫ్రంట్‌సైడ్ బోర్డ్‌స్లైడ్‌లో రెయిలింగ్ ఛాతీ వైపు మొదలైనా, జారేటప్పుడు ఆటగాడి వీపు ప్రయాణ దిశకు తిరిగి ఉంటుంది. కొత్తవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

### కోణం

శరీరం గానీ బల్ల గానీ తిరిగిన మొత్తాన్ని డిగ్రీల్లో చెబుతారు: 180 అంటే అర చుట్టు, 360 అంటే ఒక చుట్టు, 540 ఒకటిన్నర, 720 రెండు, 900 రెండున్నర, 1080 మూడు. గట్టు మీదికి ఎక్కేటప్పుడు లేదా దిగేటప్పుడు ముప్పావు చుట్టు తిరిగితే 270 అంటారు.

## విన్యాసాల రకాలు

### ఫ్లిప్, షవిట్ విన్యాసాలు

ఓలీతో గాల్లోకి లేచిన బల్లను కాళ్ల కింద తిప్పేవి ఇవి. బల్ల రెండు రకాలుగా తిరుగుతుంది. నిడివి అక్షం చుట్టూ పొర్లితే ఫ్లిప్. నేలకు సమాంతరంగా ముందు వెనుకలు మారేలా తిరిగితే షవిట్. ఓలీ ఎత్తుతో చేసిన షవిట్‌ను పాప్ షవిట్ అంటారు. టెయిల్ ఆటగాడి వీపు వైపుగా తిరిగితే బ్యాక్‌సైడ్, ఛాతీ వైపుగా తిరిగితే ఫ్రంట్‌సైడ్ షవిట్.

- కిక్‌ఫ్లిప్: ముందు పాదపు వేళ్ల భాగంతో డెక్ మడమ వైపు అంచును విదిలిస్తే బల్ల ఒక పొర్లు పొర్లుతుంది.
- హీల్‌ఫ్లిప్: ముందు పాదం మడమతో వేళ్ల వైపు అంచును విదిలిస్తే బల్ల ఎదురు దిశలో పొర్లుతుంది.
- వేరియల్ కిక్‌ఫ్లిప్: కిక్‌ఫ్లిప్, బ్యాక్‌సైడ్ 180 షవిట్ కలయిక.
- 360 ఫ్లిప్: కిక్‌ఫ్లిప్, బ్యాక్‌సైడ్ 360 షవిట్ కలయిక. ‘ట్రే ఫ్లిప్’ అనీ అంటారు.
- హార్డ్‌ఫ్లిప్: కిక్‌ఫ్లిప్, ఫ్రంట్‌సైడ్ 180 షవిట్ కలయిక. బల్ల దాదాపు నిలువుగా కాళ్ల మధ్య నుంచి సాగుతుంది.
- వేరియల్ హీల్‌ఫ్లిప్: హీల్‌ఫ్లిప్, ఫ్రంట్‌సైడ్ 180 షవిట్ కలయిక.
- ఇన్‌వర్డ్ హీల్‌ఫ్లిప్: హీల్‌ఫ్లిప్, బ్యాక్‌సైడ్ 180 షవిట్ కలయిక.
- లేజర్ ఫ్లిప్: హీల్‌ఫ్లిప్, ఫ్రంట్‌సైడ్ 360 షవిట్ కలయిక.
- ఇంపాజిబుల్: బల్ల వెనుక పాదం చుట్టూ నిలువు వలయంలా తిరుగుతుంది.
- బిగ్‌స్పిన్: బల్ల 360 డిగ్రీలు, శరీరం అదే దిశలో 180 డిగ్రీలు తిరుగుతాయి.

శరీరం కూడా బల్లతో పాటు 180 డిగ్రీలు తిరిగితే ఫ్రంట్‌సైడ్ ఫ్లిప్, బ్యాక్‌సైడ్ ఫ్లిప్ అనే పేర్లు వస్తాయి. కిక్‌ఫ్లిప్ అని విడిగా చెప్పకపోయినా ‘ఫ్లిప్’ అంటే ఇక్కడ కిక్‌ఫ్లిప్ అనే అర్థం.

### గ్రైండ్లు

గట్టు అంచునో, రెయిలింగునో ట్రక్‌ల లోహం ఒరుసుకుంటూ సాగితే గ్రైండ్.

- 50-50: రెండు ట్రక్‌లూ అంచు మీదే ఉంటాయి.
- 5-0: వెనుక ట్రక్ మాత్రమే ఆనుతుంది, ముందు భాగం పైకి లేచి ఉంటుంది.
- నోజ్‌గ్రైండ్: ముందు ట్రక్ మాత్రమే ఆనుతుంది.
- క్రుకెడ్ గ్రైండ్: ముందు ట్రక్‌తో పాటు నోజ్ కూడా అంచును తాకుతూ, బల్ల ఏటవాలుగా సాగుతుంది.
- స్మిత్ గ్రైండ్: వెనుక ట్రక్ అంచు మీద ఉండగా, ముందు ట్రక్ ఆటగాడు వచ్చిన వైపే కిందికి వాలుతుంది.
- ఫీబుల్ గ్రైండ్: వెనుక ట్రక్ అంచు మీద ఉండగా, ముందు ట్రక్ రెయిలింగ్ దాటి అవతలి వైపు ఉంటుంది.

స్మిత్, ఫీబుల్ దూరం నుంచి ఒకేలా కనిపించినా, ముందు ట్రక్ ఏ వైపున ఉందన్నదే వాటి తేడా.

### స్లైడ్‌లు

ట్రక్ కాక చెక్క ఒరుసుకుంటూ సాగితే స్లైడ్. గట్టు అంచు నునుపుగా ఉండేందుకు ఆటగాళ్లు దానికి మైనం రాస్తారు.

- బోర్డ్‌స్లైడ్: ముందు ట్రక్ రెయిలింగ్ దాటిన తర్వాత డెక్ నడుమ భాగం మీద జారడం.
- లిప్‌స్లైడ్: వెనుక ట్రక్ రెయిలింగ్ దాటిన తర్వాత నడుమ భాగం మీద జారడం.
- నోజ్‌స్లైడ్, టెయిల్‌స్లైడ్: ముందు కొస లేదా వెనుక కొస అడుగుభాగం మీద జారడం.
- బ్లంట్‌స్లైడ్: వెనుక చక్రాలు గట్టు పైన ఉండగా, టెయిల్ అంచును ఒరుసుకుంటూ, బల్ల నిటారుగా లేచి జారడం. ముందు కొసతో చేస్తే నోజ్‌బ్లంట్.
- డార్క్‌స్లైడ్: బల్ల తిరగబడి, గ్రిప్ టేప్ వైపు ఆనుతుండగా జారడం. ఇది కూడా ముల్లెన్ పేరుతో ముడిపడి ఉంది.

### మాన్యువల్

రెండు చక్రాల మీదే నిలకడగా సాగడం. వెనుక చక్రాల మీదైతే మాన్యువల్, ముందు చక్రాల మీదైతే నోజ్ మాన్యువల్. టెయిల్ గానీ నోజ్ గానీ నేలకు తగిలితే విన్యాసం చెల్లదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఫ్లిప్‌లు జోడించి కష్టాన్ని పెంచుతారు.

### గ్రాబ్‌లు

గాల్లో ఉండగా చేత్తో బల్లను పట్టుకునేవి. ఏ చేయి, ఏ అంచు, కాళ్లకు ఎటు వైపు నుంచి అన్నదాన్ని బట్టి పేరు మారుతుంది.

- ఇండీ: వెనుక చేత్తో, పాదాల నడుమ వేళ్ల వైపు అంచు.
- వెడిల్: ముందు చేత్తో, వేళ్ల వైపు అంచు. దీన్ని చాలాకాలం ‘మ్యూట్’ అన్నారు (చూడండి: పేర్ల పుట్టుక).
- మెలన్: ముందు చేత్తో, మడమ వైపు అంచు.
- స్టేల్‌ఫిష్: వెనుక చేత్తో, వెనుక కాలి వెనుక నుంచి చేయి చాచి మడమ వైపు అంచు.
- నోజ్ గ్రాబ్, టెయిల్ గ్రాబ్: ముందు కొస, వెనుక కొస.
- మెథడ్: మెలన్ పట్టు పట్టి, మోకాళ్లు వంచి, బల్లను వీపు వైపు పైకి లాగడం.
- ఎయిర్‌వాక్: నోజ్‌ను పట్టుకుని, రెండు పాదాలనూ బల్ల మీది నుంచి తీసి ముందొకటి, వెనుకొకటి చాచడం.

### లిప్ విన్యాసాలు

కొలను లేదా ర్యాంప్ పై అంచున ఉండే గుండ్రని కోపింగ్ మీద చేసేవి. రెండు ట్రక్‌లనూ కోపింగ్ మీద క్షణకాలం ఆపితే యాక్సిల్ స్టాల్. బల్ల నడుమను కోపింగ్‌కు తాకించి వెనక్కి దొర్లుతూ దిగితే రాక్ టు ఫేకీ. అదే స్థితి నుంచి 180 తిరిగి ముందుకు దిగితే రాక్ అండ్ రోల్. ఒక చేత్తో కోపింగ్‌ను పట్టుకుని, మరో చేత్తో బల్లను పట్టి తలకిందులుగా నిలిస్తే ఇన్‌వర్ట్.

### కాలు నేలకు ఆనించే విన్యాసాలు

బోన్‌లెస్‌లో ఆటగాడు బల్లను చేత్తో పట్టుకుని, ముందు కాలిని నేలకు ఆనించి, దాని బలంతో ఎగురుతాడు. నో కంప్లైలో చేతులు వాడకుండా ముందు కాలిని నేలమీద పెట్టి, వెనుక కాలితో బల్లను లేపుతాడు. బల్లను పక్కకు నిలబెట్టి దాని మీద నిలిచే ప్రైమో, బల్లను తిరగేసి పాదాల మధ్య నిలిపే క్యాస్పర్ వంటివి చదునైన నేల మీద సాగే ఫ్రీస్టైల్ శాఖకు చెందినవి.

## ఓలీ పనితీరు

చేతులు తగలకుండా బల్ల పాదాలతో పాటే ఎందుకు లేస్తుందో తెలిస్తే మిగతా విన్యాసాలు సులువుగా అర్థమవుతాయి. ఓలీ నాలుగు దశల్లో జరుగుతుంది.

మొదట ఆటగాడు మోకాళ్లు వంచి ఒంగుతాడు. వెనుక పాదం టెయిల్ మీద, ముందు పాదం బల్ల నడుమకు కాస్త ముందు ఉంటాయి. రెండో దశలో శరీరాన్ని పైకి లేపుతూ వెనుక కాలితో టెయిల్‌ను బలంగా కొడతాడు. ముందు పాదం మీద బరువు తగ్గడంతో బల్ల వెనుక చక్రాలు ఆధారంగా వేగంగా తిరుగుతూ ముందు భాగం లేస్తుంది. టెయిల్ నేలను తాకిన మరుక్షణం నేల ఇచ్చే ప్రతిబలం బల్లను పైకి నెడుతుంది. ఆటగాళ్లు ఈ క్షణాన్ని ‘పాప్’ అంటారు.

మూడో దశలో ముందు పాదం పక్కకు ఒరిగి నోజ్ వైపు పాకుతుంది. బూటుకూ గ్రిప్ టేప్‌కూ మధ్య ఘర్షణ బల్లను పైకి లాగుతుంది. నాలుగో దశలో ముందు పాదం నోజ్‌ను కాస్త కిందికి నొక్కగా, వెనుక పాదం పైకి ముడుచుకోగా, బల్ల గాల్లోనే సమతలానికి వస్తుంది. ఆ తర్వాత ఆటగాడూ బల్లా కలిసి దిగుతారు. మోకాళ్లు వంచడం వల్ల దిగే తాకిడి తగ్గుతుంది.

ముందు పాదం నేరుగా సాగకుండా అంచు మీదుగా విదిలిస్తే ఫ్లిప్ వస్తుంది. వెనుక పాదం కొట్టేటప్పుడు పక్కకు తవ్వినట్టు లాగితే షవిట్ వస్తుంది. రెండూ కలిస్తే వేరియల్, 360 ఫ్లిప్ వంటివి వస్తాయి.

## పేర్ల నిర్మాణం

పూర్తి పేరు సాధారణంగా ఈ వరుసలో సాగుతుంది: నిలబడే తీరు, గట్టు మీదికి ఎక్కే విన్యాసం, దిశ, గట్టు మీద తీసుకునే స్థితి, దిగే విన్యాసం. ఉదాహరణకు ‘కిక్‌ఫ్లిప్ బ్యాక్‌సైడ్ టెయిల్‌స్లైడ్ బిగ్‌స్పిన్ అవుట్’ అంటే, సహజ స్థితిలో గట్టును వీపు వైపు ఉంచి సమీపించి, కిక్‌ఫ్లిప్ చేసి, టెయిల్ మీద జారి, బిగ్‌స్పిన్‌తో దిగడం. పేరులో ‘స్విచ్’, ‘ఫేకీ’, ‘నోలీ’ లేకపోతే సహజ స్థితి అని గ్రహించాలి. వెనక్కి దొర్లుతూ ముగిస్తే చివర ‘టు ఫేకీ’ చేరుస్తారు.

2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల స్ట్రీట్ ఫైనల్లో జపాన్ ఆటగాడు యూటో హోరిగోమె చివరి ప్రయత్నంలో చేసిన ‘నోలీ 270 బ్లంట్‌స్లైడ్’ ఇందుకు మంచి ఉదాహరణ. ముందు కాలితో నోజ్‌ను కొట్టి లేచి, ముప్పావు చుట్టు తిరిగి, బ్లంట్ స్థితిలో రెయిలింగ్ మీద జారాడు. దానికి 97.08 పాయింట్లు వచ్చాయి. మొత్తం 281.14తో స్వర్ణం గెలిచాడు. రజతం పొందిన అమెరికా ఆటగాడు జాగర్ ఈటన్ స్కోరు 281.04.

## పేర్ల పుట్టుక

అన్ని పేర్లూ కదలికను వర్ణించేవి కావు. కొన్ని ఆటగాళ్ల పేర్ల నుంచి వచ్చాయి. వెనక్కి దొర్లుతూ మొదలై, చేతులు తగలకుండా ర్యాంప్ మీద 360 తిరిగే కాబయెరియల్ స్టీవ్ కాబయెరో పేరు మీద ఏర్పడింది. అందులో సగం, అంటే ఫేకీ 180 ఓలీ, ‘హాఫ్ క్యాబ్’. మైక్ మెక్‌గిల్ 1984లో చేసిన 540 డిగ్రీల తలకిందుల చుట్టు మెక్‌ట్విస్ట్. స్మిత్ గ్రైండ్ మైక్ స్మిత్‌ది. ఫ్రంట్‌సైడ్ గాలి విన్యాసంలో ముందు చేత్తో మడమ వైపు అంచును పట్టే లీన్ ఎయిర్‌కు నీల్ బ్లెండర్ మొదటి పేరును ఆంగ్ల అక్షరాల్లో తిరగేసి పెట్టారు. గాల్లో రెండు చేతులూ చాచి శిలువ ఆకారంలో నిలిచే క్రైస్ట్ ఎయిర్ క్రిస్టియన్ హోసోయ్ పేరుతో ప్రసిద్ధం.

మ్యూట్ గ్రాబ్ చరిత్ర ప్రత్యేకంగా చెప్పదగినది. 1980ల తొలి ఏళ్లలో ఈ విన్యాసాన్ని మొదలుపెట్టినవారిలో ఒకడైన క్రిస్ వెడిల్ వినికిడి లోపం గల ఆటగాడు. అప్పటి ఆటగాళ్లు ఆ లోపాన్నే పేరుగా పెట్టారు. 2020లో టోనీ హాక్ దీన్ని వెడిల్ గ్రాబ్‌గా పిలవాలని బహిరంగంగా ప్రతిపాదించాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ వ్యాఖ్యానంలో ఈ పేరు వినిపించింది. లోపాన్ని కాక మనిషిని గుర్తుచేసే ఈ మార్పు, వాడుకలో పుట్టిన పరిభాషను వాడుకతోనే సరిదిద్దవచ్చని చూపింది.

## చుట్ల పరంపర

వెర్ట్ విభాగంలో తిరిగే కోణాన్ని పెంచడం దశాబ్దాలుగా సాగుతున్న ప్రయత్నం. 1985లో టోనీ హాక్ 720 సాధించాడు. 1999 జూన్ 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎక్స్ గేమ్స్ పోటీల్లో అనేక ప్రయత్నాల తర్వాత 900 పూర్తిచేశాడు. 2012లో 12 ఏళ్ల టామ్ షార్ మెగా ర్యాంప్ అనే భారీ ర్యాంప్ మీద 1080 చేశాడు. 2019లో మిచీ బ్రుస్కో ఎక్స్ గేమ్స్‌లో 1260 చేశాడు. 2020లో బ్రెజిల్ బాలుడు గీ కురీ 11 ఏళ్ల వయసులో, మెగా ర్యాంప్ సాయం లేకుండా సాధారణ వెర్ట్ ర్యాంప్ మీద 1080 సాధించాడు. మహిళల్లో ఆస్ట్రేలియాకు చెందిన అరీసా ట్రూ 2023లో 720ని, 2024లో 900ను తొలిసారిగా పూర్తిచేసింది.

## పోటీలు, తీర్పు

2010లో రాబ్ డిర్డెక్ స్థాపించిన స్ట్రీట్ లీగ్ ప్రతి విన్యాసానికీ అప్పటికప్పుడు మార్కులిచ్చే పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చింది. ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ 2020 టోక్యో క్రీడలతో ప్రవేశించింది. ఆ క్రీడలు 2021లో జరిగాయి. అంతర్జాతీయ నిర్వహణ బాధ్యత వరల్డ్ స్కేట్ సంస్థది. ఒలింపిక్స్‌లో రెండు విభాగాలున్నాయి.

స్ట్రీట్: మెట్లు, గట్లు, రెయిలింగులు, వాలులతో వీధిని పోలిన స్థలం. పారిస్‌లో ప్రతి ఫైనలిస్టుకూ 45 సెకన్ల పరుగులు రెండు, విడి విన్యాసాల ప్రయత్నాలు ఐదు ఇచ్చారు. మెరుగైన ఒక పరుగు, మెరుగైన రెండు విన్యాసాల మార్కులను కలిపారు. ఒక్కోదానికి గరిష్ఠం 100.

పార్క్: లోతైన బౌల్‌లు కలిసిన స్థలం. 45 సెకన్ల పరుగులు మూడు. వాటిలో ఉత్తమమైనదే లెక్కలోకి వస్తుంది.

విన్యాసం కష్టం, చేసిన తీరు, వేగం, ఎత్తు, వైవిధ్యం, స్థలాన్ని వాడుకున్న పద్ధతి చూసి న్యాయనిర్ణేతలు మార్కులిస్తారు. పేరును సరిగ్గా గుర్తించడం తీర్పులో భాగమే. స్విచ్‌లో చేశారా సహజ స్థితిలో చేశారా అన్నది గమనించకపోతే కష్టాన్ని సరిగా తూచలేరు.

పోటీలకు వెలుపల ‘గేమ్ ఆఫ్ స్కేట్’ అనే ఆట బాగా ప్రసిద్ధం. ఒకరు చేసిన విన్యాసాన్ని మరొకరు చేయలేకపోతే స్కేట్ అనే ఆంగ్ల పదంలోని ఐదు అక్షరాల్లో ఒకటి చేరుతుంది. ఐదూ పూర్తయినవారు ఓడినట్టు.

## వ్యాప్తి, ప్రాధాన్యం

1981లో మొదలైన థ్రాషర్ పత్రిక విన్యాసాల పేర్లను అచ్చులో స్థిరపరచింది. 1984 నాటి ‘బోన్స్ బ్రిగేడ్ వీడియో షో’తో మొదలైన వీడియోల సంప్రదాయం వాటిని కళ్లకు చూపింది. 1999లో వచ్చిన ‘టోనీ హాక్స్ ప్రో స్కేటర్’ వీడియో గేమ్ బల్ల ఎక్కనివారికి కూడా ఈ పేర్లను పరిచయం చేసింది.

భారతదేశంలో 2015లో మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో ఏర్పడిన స్కేట్ పార్క్ గ్రామీణ బాలబాలికలకు ఈ ఆటను దగ్గర చేసింది. 2021లో విడుదలైన ‘స్కేటర్ గర్ల్’ చిత్రం కోసం రాజస్థాన్‌లోని ఖేంపుర్‌లో మరో పార్క్ నిర్మించారు. ఇక్కడి ఆటగాళ్లు కూడా ఆంగ్లంలో పుట్టిన పేర్లనే వాడతారు. భాష ఏదైనా పేరు ఒకటే కావడంతో, వేర్వేరు దేశాల ఆటగాళ్లు ఒకరి మాట మరొకరికి తెలియకపోయినా విన్యాసం గురించి మాట్లాడుకోగలుగుతున్నారు.

## సాధన, భద్రత

సాధారణంగా అభ్యాసం దొర్లడం, మలుపు తిరగడం, ఆగడం, ఓలీ, 180, షవిట్, కిక్‌ఫ్లిప్ అనే వరుసలో సాగుతుంది. హెల్మెట్, మోచేతి, మోకాలి, మణికట్టు కవచాలు అవసరం. పడేటప్పుడు చేయి నిటారుగా చాచి నేలను ఆపబోతే మణికట్టుకు దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువ. భుజం మీదుగా పొర్లడం నేర్చుకుంటే తాకిడి శరీరమంతా పంచుకుంటుంది.

## పదకోశం

- బెయిల్: విన్యాసం మధ్యలో విరమించి బల్ల వదిలి దిగడం.
- స్లామ్: గట్టిగా పడిపోవడం.
- గ్యాప్: దాటాల్సిన ఖాళీ లేదా మెట్ల వరుస.
- లెడ్జ్: అంచు గల గట్టు.
- హబ్బా: మెట్ల పక్కన ఏటవాలుగా దిగే గట్టు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని హబ్బా హైడ్‌అవుట్ అనే చోటి పేరు నుంచి వచ్చింది.
- కోపింగ్: ర్యాంప్ లేదా కొలను పై అంచున ఉండే గుండ్రని భాగం.
- ట్రాన్సిషన్: నేల నుంచి నిటారుకు మారే వంపు.
- క్వార్టర్ పైప్: ఒక వైపు మాత్రమే వంపు గల ర్యాంప్. ఎదురెదురుగా రెండుంటే హాఫ్ పైప్.
- లైన్: ఆగకుండా వరుసగా చేసిన విన్యాసాలు.
- స్కెచీ: పూర్తయినా తడబాటుతో ముగిసిన విన్యాసం.

## ఇవి కూడా చూడండి

సర్ఫింగ్, స్నోబోర్డింగ్, రోలర్ స్కేటింగ్, బీఎంఎక్స్ సైక్లింగ్, ఎక్స్ గేమ్స్, ఒలింపిక్ క్రీడల్లో స్కేట్‌బోర్డింగ్